కళింగపట్నం తీరంలో పాతిక నిమిషాలు: వెలుగును బట్టి కెమెరా సెట్టింగులు కుదుర్చుకోవడం ఎలా

ఇంటర్నెట్‌లో ల్యాండ్‌స్కేప్ ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు. సూర్యోదయం తర్వాత గంటసేపు బంగారు వెలుగు ఉంటుంది, తీరిగ్గా తీసుకోండి అంటారు. వాళ్ళ దగ్గర అది నిజమే. లండన్‌లో వేసవి సూర్యుడు ఏటవాలుగా, తాపీగా పైకి వస్తాడు. శ్రీకాకుళంలో అలా కాదు. మనం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం కాబట్టి సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు. సముద్రంలోంచి బయటపడిన పాతిక, ముప్పై నిమిషాలకే ఎర్రదనం పోయి మామూలు ఎండ కాస్తుంది. అంతకుముందు ఉండే నీలి వెలుగు కూడా అంతే, పాతిక నిమిషాలు.

ఈ తొందరే మన ఫోటోలను పాడుచేస్తుంది. మంచి కెమెరా ఉన్నా, సెట్టింగులు తెలిసినా, తీరంలో నిలబడి డయల్ తిప్పుతూ ఆలోచించేలోపు రంగు వెళ్ళిపోతుంది. నేను కొత్తలో కళింగపట్నంలో ట్రైపాడ్ బిగించుకుంటూ సూర్యుడి కోసం ఎదురుచూస్తుంటే, వల సర్దుకుంటున్న జాలరి తాత ఒకాయన అడిగాడు: "ఏటి బాబూ, ఇంకా తియ్యవా? రంగంతా ఇప్పుడే కదా. సూర్యుడొచ్చాక ఏటుంటాది, ఎండేగా." ఆయన చెయ్యి చూపించినప్పుడు చూశాను. తూర్పంతా వంకాయ రంగు. నేను లెన్స్ మూత కూడా తియ్యలేదు.

అందుకే ఈ మార్గదర్శిలో సెట్టింగులను ఏ వరుసలో, ఎప్పుడు తేల్చుకోవాలో చెబుతాను. కొన్ని ఇంట్లోనే అయిపోవాలి, కొన్ని తీరంలో మొదటి ఐదు నిమిషాల్లో. ఆ తర్వాత చేతికి మిగలాల్సింది ఒక్క షట్టర్ స్పీడే, అంటే కెమెరాలోకి వెలుగు ఎంతసేపు రావాలన్నదే.

మొదటి మెట్టు: ముందు రోజు రాత్రి

మూడు సంగతులు తెలుసుకోండి: సూర్యుడు ఎన్నింటికి, ఏ దిక్కున వస్తాడు, సముద్రం పోటు మీద ఉంటుందా, ఆటు మీద ఉంటుందా.

సమయం సంగతి సులువు. మన జిల్లాలో జూన్‌లో 5:20 ప్రాంతంలో, జనవరిలో 6:30 ప్రాంతంలో సూర్యోదయం. దానికి 45 నిమిషాలు ముందు మీరు ఇసుకలో నిలబడి ఉండాలి. శ్రీకాకుళం టౌన్ నుంచి కళింగపట్నం వెళ్ళేవాళ్ళు జూన్‌లో నాలుగు కాకముందే బండి తియ్యాలన్నమాట. చలికాలంలో ఇంకో గంట పడుకోవచ్చు. ఆ ఒక్క కారణంతోనే కొత్తవాళ్ళను డిసెంబరు, జనవరిల్లో మొదలుపెట్టమంటాను.

దిక్కును ఎక్కువమంది పట్టించుకోరు. తూర్పున ఉదయిస్తాడు, అంతే కదా అనుకుంటారు. జూన్‌లో సూర్యుడు కచ్చితమైన తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా వస్తాడు. రెండు కొసల మధ్య 50 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది కాబట్టి, అయిదు పిడికిళ్ళ తేడా. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది, సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. కాబట్టి చలికాలంలో సూర్యుడు సముద్రానికి ఎదురుగా, ఫ్రేమ్ మధ్యలోకి వస్తాడు. వేసవిలో బాగా ఎడమకు జరిగి ఒడ్డు దగ్గరికి వచ్చేస్తాడు. అప్పుడు ఒడ్డు గీత, తెప్పలు, సూర్యుడు ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. ఏది కావాలో దాన్ని బట్టి నెల ఎంచుకోండి.

ఇది ఇక్కడివాళ్ళకు కొత్త లెక్కేమీ కాదు. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని మనందరికీ తెలుసు. ఉత్తరానికి వెళ్ళేటప్పుడు ఒకసారి, దక్షిణానికి తిరిగొచ్చేటప్పుడు ఒకసారి సూర్యుడు దాదాపు అదే చోట ఉదయిస్తాడు. గడియారంలో ఇరవై నిమిషాల తేడా ఉంటుంది గానీ దిక్కు ఒకటే. ఫోటోకు కూడా ఇదే లెక్క. మార్చిలో మంచు వల్ల పోగొట్టుకున్న ఫ్రేమ్ అక్టోబరు మొదట్లో మళ్ళీ దొరుకుతుంది, అదీ వానాకాలం వదిలిన మబ్బులతో.

ఇక పోటు. రోజుకు రెండుసార్లు వస్తుంది, రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమిల దగ్గర ఎక్కువగా ఉంటుంది. నీళ్ళు వెనక్కి తీస్తున్న వేళ ఇసుక తడిగా అద్దంలా ఉంటుంది, ఆకాశం రంగంతా అందులో కనిపిస్తుంది. నాకైతే ఆ వేళే ఇష్టం. వంశధార మొగ దగ్గర మాత్రం పోటు సమయం తెలుసుకోకుండా ఇసుక తిన్నెల మీదికి వెళ్ళకండి. వెనక దారి నీళ్ళతో మూసుకుపోవచ్చు.

రెండో మెట్టు: ఇంట్లోనే పెట్టుకోవాల్సిన సెట్టింగులు

చీకట్లో మెనూలు వెతకడం నరకం. కింది పనులు ఇంట్లో, ట్యూబ్‌లైట్ కింద పూర్తి చేసుకోండి.

ఫైలు రకం రా (RAW) మీద పెట్టండి. జేపెగ్‌లో కెమెరా తనకు నచ్చినట్టు రంగులు ఖాయం చేసి మిగతాది పారేస్తుంది. రాలో నీడల్లో దాగిన వివరం తర్వాత బయటికి తీయొచ్చు.

ఐఎస్ఓ, అంటే పడిన వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 100. ఆటో ఐఎస్ఓ ఆపేయండి. ఒకసారి రాత్రి పెళ్ళి ఫోటోలు తీసి, తెల్లారగట్ల అటు నుంచి అటే బారువ వెళ్ళాను. ఐఎస్ఓ 3200 మీదే ఉండిపోయింది. తీసిన వందకు పైగా ఫోటోల్లో ఆకాశమంతా రవ్వ పోసినట్టు గరుకు. చిన్న స్క్రీన్ మీద తెలియలేదు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసి తల పట్టుకున్నాను. అప్పటి నుంచి కెమెరా సంచిలో పెట్టే ముందు ఐఎస్ఓ చూడటం చెప్పులేసుకునే ముందు తాళం చూసుకున్నట్టు అలవాటైంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. ఎర్రటి వెలుగును చూసి కెమెరా ఇదేదో తప్పు అనుకుని తెల్లగా దిద్దేస్తుంది. సూర్యోదయానికి లేచి వెళ్ళిందే ఆ ఎరుపు కోసం కదా. డేలైట్ మీద, అంటే దాదాపు 5500 కెల్విన్ దగ్గర ఉంచండి. రాలో తీస్తే తర్వాత మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ స్క్రీన్ మీద కనిపించే బొమ్మ తప్పుగా ఉంటే అక్కడ మీ నిర్ణయాలూ తప్పుతాయి.

మోడ్ మాన్యువల్. భయమైతే అపర్చర్ ప్రయారిటీతో మొదలుపెట్టండి, ఏమీ కాదు. అందులో అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో మీరు చెబితే షట్టర్ సంగతి కెమెరా చూసుకుంటుంది. తెల్లగా కాలిపోయిన చోట మినుకుమినుకుమనే హైలైట్ హెచ్చరికను ఆన్ చేయండి. 2 సెకన్ల టైమర్ పెట్టండి, బటన్ నొక్కిన అదురు ఫోటోలోకి రాదు. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించండి. చీకట్లో వెలుగుతున్న స్క్రీన్ ప్రతి ఫోటోనూ బాగున్నట్టే చూపిస్తుంది.

మూడో మెట్టు: తీరంలో మొదటి అయిదు నిమిషాలు

కెమెరా తియ్యకండి. ట్రైపాడ్ కూడా తియ్యకండి. ఫ్రేములోకి రాబోయేవాటిలో అన్నిటికన్నా వెలుగున్నది ఏది, అన్నిటికన్నా చీకటిగా ఉన్నది ఏది, కదులుతున్నది ఏది అని చూడండి. ఈ మూడూ చెప్పగలిగితే సెట్టింగులు సగం తేలినట్టే. కదిలేది షట్టర్‌ను తేలుస్తుంది. దగ్గరున్నది అపర్చర్‌ను తేలుస్తుంది. వెలుగుకూ చీకటికీ ఉన్న దూరాన్ని బట్టి ఒక్క ఫోటోతో పని అవుతుందా, రెండు మూడు కావాలా అన్నది తేలుతుంది.

జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో చీకట్లో తెల్ల టార్చి, ఫ్లాష్ వాడొద్దు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపే నడుస్తాయి, సముద్రం వదిలేసి మీ టార్చి వైపు వచ్చేస్తాయి. అయిదు నిమిషాలు ఊరికే నిలబడితే కళ్ళు చీకటికి అలవాటు పడతాయి, అసలు టార్చి అవసరమే ఉండదు.

ట్రైపాడ్ కాళ్ళను ఇసుకలోకి గట్టిగా గుచ్చండి, అడ్డంగా కదిపి ఇంకా దించండి. కెరటం తగిలే చోట పెడితే ప్రతి కెరటానికీ కాలు కొంచెం దిగుతుంది, పొడవైన ఎక్స్‌పోజర్ మొత్తం అలికినట్టవుతుంది. మధ్య కర్రను పైకి లేపకండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ (చేతి అదురు తగ్గించే ఏర్పాటు) ఉంటే ట్రైపాడ్ మీద ఆపేయండి, చాలా పాత లెన్సుల్లో అదే అదురు తెచ్చిపెడుతుంది.

నాలుగో మెట్టు: అపర్చర్, ఫోకస్

అపర్చర్ సంఖ్యలు ఎఫ్/2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఒక్కో మెట్టు ఎక్కితే లోపలికి వచ్చే వెలుగు సగమవుతుంది. ఇలా సగమవడాన్నీ, రెట్టింపవడాన్నీ ఒక స్టాప్ అంటాం. షట్టర్, ఐఎస్ఓ కూడా ఈ స్టాప్ లెక్కలోనే నడుస్తాయి. ఒకచోట ఒక స్టాప్ తగ్గిస్తే ఇంకోచోట ఒక స్టాప్ పెంచాలి. ఈ మొత్తం వ్యవహారంలో లెక్క అంటూ ఉంటే ఇంతే.

దగ్గరి తెప్ప నుంచి దూరపు గీత దాకా అన్నీ స్పష్టంగా రావాలంటే ఎఫ్/22 పెట్టేయాలనుకుంటారు. వద్దు. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు అంచుల దగ్గర వంగి చెదురుతుంది, దీన్నే డిఫ్రాక్షన్ అంటారు, ఫోటో మొత్తం మెత్తబడుతుంది. మనలో ఎక్కువమంది దగ్గరుండే ఏపీఎస్-సీ (కాస్త చిన్న సెన్సర్) కెమెరాల్లో ఎఫ్/11 దాటితే ఆ తేడా కనిపించడం మొదలవుతుంది. నా కెమెరాలో అపర్చర్ నూటికి తొంభై సార్లు ఎఫ్/8, మిగతా పదిసార్లు ఎఫ్/11.

స్పష్టత కోసం అపర్చర్ మూసేకన్నా ఫోకస్ సరైన చోట పెట్టడం మేలు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 18 దగ్గర ఉంచి, ఎఫ్/8 పెట్టి, సుమారు 2 మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. 1 మీటరు నుంచి అనంతం దాకా అంతా పదునుగా వస్తుంది. ఎఫ్/11 అయితే మీటరున్నర దగ్గర ఫోకస్ చేస్తే చాలు, ముప్పావు మీటరు నుంచి పనికొస్తుంది. మూడు కాలి అంగలు 2 మీటర్ల కన్నా కొంచెం ఎక్కువే అవుతాయి, ఎక్కువైనా నష్టం లేదు, తక్కువైతేనే దూరం మెత్తబడుతుంది. చీకట్లో ఆటో ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది కాబట్టి, లైవ్ వ్యూలో, అంటే వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూసి, చేత్తో ఫోకస్ చేసి, మాన్యువల్‌లో వదిలేయండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. 55 వైపు జూమ్ చేశారా, ఈ లెక్క పనిచేయదు. దూరంలో ఉన్న లైట్‌హౌస్ మీదే ఫోకస్ చేసేయండి.

అయిదో మెట్టు: షట్టర్ స్పీడు, అంటే కెరటం ఎలా కనిపించాలి

ఈ దశకు ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8 స్థిరమయ్యాయి. ఇప్పుడు షట్టరే వెలుగును కుదురుస్తుంది, అదే నీటి రూపాన్నీ తేలుస్తుంది. రెండూ ఒకేసారి కుదరకపోవడంతోనే తలనొప్పి మొదలవుతుంది.

కెరటం విరిగి తుంపర లేచే క్షణం ఆగిపోవాలంటే 1/500 లేదా ఇంకా వేగంగా. వచ్చిన కెరటం వెనక్కి జారిపోతూ ఇసుక మీద తెల్లటి గీతలు గీయాలంటే పావు సెకను నుంచి ఒక సెకను. నన్నడిగితే మన తీరానికి ఇదే సరిపోయే వేగం. కెరటం పైకి వచ్చినప్పుడు కాదు, వెనక్కి తిరిగినప్పుడు నొక్కాలి. సముద్రమంతా పొగలా అయిపోవాలంటే 30 సెకన్లు. ఈ పొగ సముద్రం నాకు పెద్దగా నచ్చదు. చింతపల్లి బీచ్ అయినా, భావనపాడు అయినా ఒకేలా కనిపిస్తుంది. మన కెరటాలకు ఉన్న విసురు అందులో ఉండదు.

నీళ్ళ మాట అలా ఉంచితే, గాలిని మరిచిపోకండి. ఉద్దానం వైపు కొబ్బరి తోటల్ని ఫ్రేములో పెట్టినప్పుడు ఆకులు ఊగుతుంటాయి. 1/125 కన్నా నెమ్మదిగా తీస్తే మట్టలు అలుక్కుపోతాయి. అలాంటప్పుడు ఐఎస్ఓను 400కు పెంచడానికి మొహమాటపడొద్దు. రెండు స్టాప్‌ల వేగం దొరుకుతుంది, గరుకు పెద్దగా తెలియదు. ఐఎస్ఓ 100 మంచి నియమమే గానీ, మట్టలు అలికేసిన శుభ్రమైన ఫోటో ఎవరికి కావాలి?

వెలుగు ఎక్కువై నెమ్మది షట్టర్ కుదరనప్పుడు ఎన్‌డీ ఫిల్టర్. నల్లద్దాల్లాంటిది, రంగు మార్చకుండా వెలుగు తగ్గిస్తుంది. ఎన్‌డీ8 మూడు స్టాప్‌లు, ఎన్‌డీ64 ఆరు స్టాప్‌లు, ఎన్‌డీ1000 పది స్టాప్‌లు. ఫిల్టర్ లేకుండా 1/60 వస్తుంటే ఎన్‌డీ64తో ఒక సెకను అవుతుంది. ఒక్కటే కొనగలిగితే అదే కొనండి. పది స్టాప్‌లదాన్ని అందరూ ముందు కొంటారు, రెండుసార్లు వాడి సంచిలో పడేస్తారు.

ఆరో మెట్టు: కెమెరా కొలత మోసం చేసే చోట్లు

ముందొక సంగతి తెలియాలి. కెమెరా మీటర్‌కు ఎదురుగా ఉన్నది ఏమిటో తెలియదు. లోకంలో అన్నీ ఒక మధ్యరకం బూడిద రంగులోనే ఉంటాయనుకుని లెక్క కడుతుంది. మామూలు దృశ్యాల్లో ఆ లెక్క సరిపోతుంది. అసలు పరీక్ష నౌపడ ఉప్పు మళ్ళలో.

ఎండాకాలం అక్కడ తెల్లటి ఉప్పు కుప్పలు వరసగా ఉంటాయి, మధ్యలో నీళ్ళు నిలిచిన మళ్ళు, పైన ఎండ. కెమెరా ఆ తెల్లదనమంతా చూసి వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఇంటికొచ్చి చూస్తే ఉప్పు కుప్పలు సిమెంటు కుప్పల్లా ఉంటాయి. నా మొదటి ఫోటోలు సరిగ్గా అలాగే వచ్చాయి. అలాంటి చోట ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్క మీద వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్; మాన్యువల్‌లో ఆ పని షట్టర్‌తోనే చేయాలి) ప్లస్ 1 నుంచి ప్లస్ 1.5 దాకా పెంచాలి. చలికాలం పొలాల మీద తెల్లటి మంచు కమ్మినప్పుడూ ఇదే, ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టండి. దీనికి తిరగేసిన సందర్భం నల్లటి బండ. రామతీర్థంలో బోధికొండ లాంటి బండరాతి కొండ నీడవైపు ఫ్రేమ్ నిండా పెట్టి తీస్తే కెమెరా ఆ నలుపును తెలుపు చెయ్యబోతుంది. మైనస్ 1 ఇస్తే రాయి రాయిలా ఉంటుంది.

ప్లస్ చేసేటప్పుడు ఎక్కడ ఆగాలో హిస్టోగ్రామ్ చెబుతుంది, అంటే ఫోటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో స్క్రీన్ మీద చూపే గ్రాఫ్. ఎడమ కొస నలుపు, కుడి కొస తెలుపు. కుప్ప కుడివైపు ఎంత జరిగినా ఫర్వాలేదు, కుడి గోడకు గుద్దుకుని నిలువుగా లేవకూడదు. గోడకు తగిలిన భాగంలో వివరం పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. నీడలు మాత్రం రా ఫైలులో రెండు మూడు స్టాప్‌లు పైకి లేస్తాయి. కాబట్టి అన్నిటికన్నా వెలుగున్న ముఖ్యమైన భాగం కాలిపోకుండా, దానికి కాస్త ఇవతల ఆగేలా షట్టర్ పెట్టండి. 'ముఖ్యమైన' అన్న మాట కావాలనే వాడాను. సూర్యబింబం ఎలాగూ కాలుతుంది, నీటి మీద తళుకులూ కాలతాయి, వాటి కోసం ఫోటో మొత్తాన్ని చీకటి చెయ్యకండి. బింబం చుట్టూ ఉన్న మబ్బు కాలకుండా ఉంటే చాలు.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే ఉప్పు మళ్ళలో కాస్త ఆలోచించి వాడండి. నీటి మీది మెరుపును అది తీసేస్తుంది, మెరుపుతో పాటు మీకు కావాల్సిన మబ్బు నీడ కూడా పోతుంది. తిప్పి చూసి, నీడ నిలిచే చోట ఆపండి. తడిసిన వరి ఆకులు, జీడి ఆకుల మీద మాత్రం అద్భుతం. తెల్లటి మెరుపు పోయి అసలు పచ్చదనం బయటపడుతుంది. సూర్యుడికి లంబంగా తిరిగి తీసినప్పుడే ఆకాశం మీద దాని ప్రభావం బాగా తెలుస్తుంది, అయితే వైడ్ లెన్స్‌లో ఆకాశం ఒక పక్క ముదురు, ఒక పక్క లేత అవుతుంది. ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌ల వెలుగు కూడా తింటుంది.

ఏడో మెట్టు: ఆకాశం, నేల గొడవ

సూర్యోదయం వేళ ఆకాశానికీ ముందున్న ఇసుకకూ నాలుగైదు స్టాప్‌ల తేడా సులువుగా వస్తుంది. మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోలేదు. దీనికి మూడు దారులున్నాయి.

సగం నల్లగా, సగం మామూలు అద్దంలా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఒకటి. సముద్రపు గీత తిన్నగా ఉంటుంది కాబట్టి మన బీచ్‌లలో గట్టి గీత ఉన్న ఫిల్టర్ చక్కగా సరిపోతుంది. తాటిపూడి రిజర్వాయర్ దగ్గర అదే వాడితే కొండల నెత్తిన నల్లటి పట్టీ కట్టినట్టుంటుంది, అక్కడ మెత్తగా మారేది కావాలి. నీటిలో ఆకాశపు నీడ ఉన్న ఫ్రేముల్లో ఇంకో జాగ్రత్త. ఆకాశం కన్నా దాని నీడ ఎప్పుడూ కాస్త ముదురుగా ఉంటుంది. ఫిల్టర్ అతిగా వాడి నీడను ఆకాశం కన్నా వెలుగుగా చేశారంటే, చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది.

రెండోది బ్రాకెటింగ్. ట్రైపాడ్ కదపకుండా మైనస్ 2, సున్నా, ప్లస్ 2 మూడు ఫోటోలు తీసి తర్వాత కలపడం. ఖర్చు లేదు, నేను ఎక్కువగా చేసేది ఇదే. చిక్కల్లా కెరటాలతో. మూడు ఫోటోల్లో మూడు కెరటాలుంటాయి, కలిపితే దెయ్యాల్లా కనిపిస్తాయి. నీళ్ళ భాగం వరకు ఒక్క ఫోటో నుంచే తీసుకోండి.

మూడోది తిరిగి నిలబడటం. సూర్యుడికి వీపు చూపించి తీరం వైపు, సరుగుడు తోటల వైపు తియ్యండి. ఆకాశం, నేల ఒకే వెలుగులో ఉంటాయి, ఏ ఫిల్టరూ అక్కర్లేదు. అందరూ సూర్యుణ్ణి తీస్తున్నప్పుడు వెనక తెప్పల మీద పడే నారింజ వెలుగును ఎవరూ చూడరు.

ఎనిమిదో మెట్టు: ఒక ఉదయం మొత్తం అంకెల్లో

ఐఎస్ఓ 100, ఎఫ్/8, ఫిల్టర్ లేదు, సూర్యుడొచ్చే వైపు తిరిగి ఉన్నాం, పల్చటి మబ్బు ఉంది. ఇవి కచ్చితమైన అంకెలు కావు, మొదలుపెట్టడానికి పనికొస్తాయి. మబ్బును బట్టి ఒకటి రెండు స్టాప్‌లు అటూ ఇటూ అవుతుంది.

సూర్యోదయానికి 25 నిమిషాల ముందు: సుమారు 8 సెకన్లు. నీళ్ళు పొగలా ఉంటాయి, నీలం ఎక్కువ. తాత చూపించిన వంకాయ రంగు ఇక్కడి నుంచే మొదలు.

10 నిమిషాల ముందు: పావు సెకను. కెరటం గీతలకు దీన్ని మించిన సమయం లేదు, ఎన్‌డీ ఫిల్టర్ అవసరమే లేదు. ఈ పది నిమిషాలూ లెన్స్ మార్చడం, ఫోన్ చూడటం, టీ తాగడం అన్నీ బంద్.

బింబం కనిపించినప్పుడు: 1/30 నుంచి 1/60. ఇక్కడ గీతలు కావాలంటే ఎన్‌డీ8 లేదా ఎన్‌డీ64 పెట్టాలి. బ్రాకెటింగ్ మొదలుపెట్టాల్సిందీ ఇప్పుడే. అద్దంతో పనిచేసే డీఎస్ఎల్ఆర్ అయితే బింబం ప్రకాశం పెరిగాక వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకండి, కంటికి ప్రమాదం. లైవ్ వ్యూ వాడండి.

20 నిమిషాల తర్వాత: 1/250. రంగు పోతూ ఉంటుంది. ఇక సముద్రం వదిలి మనుషుల వైపు, తీరానికొచ్చే తెప్పల వైపు తిరగండి.

8 సెకన్ల నుంచి 1/250 దాకా అంటే 45 నిమిషాల్లో 11 స్టాప్‌లు. సగటున నాలుగు నిమిషాలకొకసారి వెలుగు రెట్టింపవుతోంది. ఒకసారి కుదిరిన సెట్టింగ్ అయిదు నిమిషాల తర్వాత తప్పు. అందుకే నాలుగైదు ఫోటోలకొకసారి హిస్టోగ్రామ్ చూసి, షట్టర్‌ను ఒక మెట్టు వేగం చేసుకుంటూ పోవాలి.

సముద్రం లేని చోట్ల

పొలాల్లో తొందర తక్కువ. జులై, ఆగస్టుల్లో నాట్లు వేసిన వరి మళ్ళలో నీళ్ళు అద్దాల్లా ఉంటాయి, నవంబరు, డిసెంబరుల్లో కోతలయ్యాక కుప్పలు ఉంటాయి. రెండింటికీ పక్క నుంచి వచ్చే వెలుగు కావాలి, గట్లకూ కుప్పలకూ నీడ పడితేనే లోతు తెలుస్తుంది. శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాలను సాయంత్రం నాలుగు దాటాక తియ్యండి. డిసెంబరులో అక్కడ అయిదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు. పక్క వెలుగులో ఇటుకల వరసలు లేచి కనిపిస్తాయి, కింద వంశధార కూడా ఫ్రేములోకి వస్తుంది.

మిట్ట మధ్యాహ్నం ఎండలో చిక్కుకుంటే పాత లెక్క ఒకటుంది. ఎఫ్/16 పెట్టి, షట్టర్‌ను ఐఎస్ఓ సంఖ్యకు తలకిందులు చేయాలి. ఐఎస్ఓ 100కు 1/100. దాన్ని ఎఫ్/8కు మారిస్తే 1/400. మీటర్ చెడిపోయినా పని నడుస్తుంది. ఆ ఎండలో ల్యాండ్‌స్కేప్ తియ్యాలా అన్నది వేరే ప్రశ్న. నేనైతే తాటిచెట్టు నీడన ముంజెలు తింటాను.

ఫోన్‌తో తీసేవాళ్ళకు: ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ పై లెక్కల ప్రకారమే పెట్టండి, అపర్చర్ చాలా ఫోన్లలో మారదు కాబట్టి షట్టరే మీ చేతిలో ఉంటుంది. ప్రో మోడ్ లేకపోతే ఆకాశంలో వెలుగున్న మబ్బు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుతురు గీతను కాస్త కిందికి లాగండి. లెన్స్‌ను బట్టతో తుడవండి, సగం మసక ఫోటోలకు కారణం వేలి జిడ్డే.

తిరిగొచ్చాక

ఉప్పుగాలి కెమెరాకు శత్రువు. తీరంలో ఉండగానే లెన్స్ ముందు భాగాన్ని రెండు మూడుసార్లు చూసుకోవాలి, తుంపర పొర పడితే సూర్యుడి చుట్టూ తెల్లటి మసక వస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పట్టిందా, తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. దారిలోనే చివరి పావుగంట ఏసీ ఆపి అద్దాలు దించుకోండి. ఇంటికి రాగానే తడి గుడ్డతో కెమెరా బాడీ తుడిచి, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా బయటికి లాగి మంచినీళ్ళతో కడిగి, మూతలు విప్పి నీడలో ఆరబెట్టండి. ఇసుకతోనే మడిచి పెట్టిన నా మొదటి ట్రైపాడ్ మూడో కాలు ఇప్పటికీ సగం వరకే తెరుచుకుంటుంది.